సిగ్గి అంటే సిగ్గు కాదు



ఈ నెల మన మాట ‘సిగ్గి’. ఇది తెలుగు మాట కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో ఎక్కువమంది మాట్లాడే వొలోఫ్ భాషలోని మాట. మన చెవికి ‘సిగ్గు’లా వినిపిస్తుంది. ఈ పోలిక కాకతాళీయమే. అర్థం మాత్రం దాదాపు తలకిందులు. సిగ్గుపడినవాడు తల వంచుకుంటాడు. సిగ్గి అంటే తల ఎత్తడం.

ఆ మాటను పత్రికకు పేరుగా పెట్టినవారు షేక్ అంటా జోప్. ఆయన చరిత్రకారుడు, రాజకీయ నాయకుడు. 1923లో సెనెగల్‌లోని ఒక పల్లెలో పుట్టారు. 1946లో పై చదువులకు పారిస్ వెళ్లారు. అప్పటికి సెనెగల్ ఫ్రాన్స్ పాలనలో ఉంది. బడిలో ఫ్రెంచ్, ఇంట్లో వొలోఫ్. ఆఫ్రికా భాషలు పాటలకు, కథలకు సరిపోతాయి గాని సైన్సుకు పనికిరావని చాలామంది అనేవారు.

జోప్ ఊరికే వాదించలేదు, చేసి చూపించారు. 1954లో వచ్చిన తన పుస్తకంలో లెక్కల మాటలనూ భౌతికశాస్త్రపు మాటలనూ వొలోఫ్‌లో రాశారు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం సారాంశాన్ని కూడా ఆ భాషలోనే చెప్పారు.

1960లో సెనెగల్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. జోప్ డాకర్‌కు తిరిగి వచ్చి, పాత ఎముకలు, బొగ్గు ఎన్నేళ్లనాటివో లెక్కగట్టే ప్రయోగశాలను నెలకొల్పారు. రాజకీయాల్లో అధ్యక్షుడు సెంఘోర్‌ను ఎదిరించారు. 1962లో కొన్నాళ్లు జైలులో ఉన్నారు. 1976లో కొత్త పార్టీ పెట్టారు. దానికి 1981 వరకు ప్రభుత్వ గుర్తింపు రాలేదు. ‘సిగ్గి’ ఆ పార్టీ పత్రిక.

సెంఘోర్ కూడా పండితుడే. కవి, ఫ్రెంచ్ వ్యాకరణంలో దిట్ట. వొలోఫ్ స్పెల్లింగుకు ఆయన ప్రభుత్వం నియమాలు పెట్టింది. వాటి ప్రకారం ‘సిగ్గి’లో ‘గ’ ఒక్కటే ఉండాలట! పత్రిక ఆ పేరుతో సాగలేకపోయింది. ‘తఖావ్’ అనే మరో పేరుతో వచ్చింది. తఖావ్ అంటే నిలబడడం. ఆ రోజుల్లోనే సెంబేన్ తీసిన ‘సెద్దో’ సినిమాను కూడా పేరులో ‘ద’ రెండుసార్లు ఉందన్న కారణం చెప్పి ఆపేశారు.

ఒత్తు ఎంత పని చేస్తుందో మీకు తెలుసు. ‘కల’ నిద్రలో వస్తుంది. ‘కల్ల’ అంటే అబద్ధం. టీచరును కాబట్టి నియమాలు వద్దని నేను అనను. అయితే నియమం భాషను నేర్పడానికి ఉండాలి, నోరు మూయించడానికి కాదు.

జోప్ తన పెద్ద పుస్తకాలను ఫ్రెంచ్‌లోనే రాశారు. ఇంకో భాష నేర్చుకోవడం తప్పని ఆయన అనలేదు. 1986లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది డాకర్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

ఇక మన సంగతి. మారిషస్‌లో మనకు ఇంట్లో క్రియోల్, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచ్. తెలుగు రామభజనకూ ఉగాదికీ మిగిలింది. ఆ రెండూ మన సొత్తే, వదలకండి. కానీ దేవుడితో మాట్లాడే భాషలో మన పని గురించి కూడా మాట్లాడవచ్చు. మాట వాడితేనే నాలుకకు అలవాటవుతుంది.

ఈ నెల అభ్యాసం: మీరు రోజూ చేసే పనిని ఐదు వాక్యాల్లో తెలుగులో రాయండి. బ్యాంకు పనైనా సరే, బండి రిపేరైనా సరే. తెలియని మాట దగ్గర ఆగిపోకండి. క్రియోల్ మాటనే తెలుగు లిపిలో రాసి ముందుకు సాగండి. ఒత్తులు తర్వాత దిద్దుకుందాం.