జోలపాటకూ సుంకమా!

మా ఆత్రేయపురం పూతరేకు నోట్లో వేసుకుని ‘అబ్బ!’ అనేవాళ్ళే గానీ, కుండ సెగ దగ్గర కూర్చున్న ఆడమనిషికి ఎంత ముట్టిందని అడిగేవాళ్ళు తక్కువ. పాట సంగతీ అంతే. నేను మాత్రం మొన్నటిదాకా అడిగానా ఏమిటి?

మా మేనకోడలు పెళ్ళిపాటలూ, జోలపాటలూ కమ్మగా పాడుతుంది. అన్నీ మా అమ్మ నోట విన్నవే. సినిమావాళ్ళ గుమ్మాలు ఎక్కకుండా, చేతి గాజులు తాకట్టుపెట్టి స్టూడియోకీ, తబలా ఆయనకీ ఇచ్చి సొంతంగా రికార్డు చేయించుకుంది. ఒక అమెరికా కంపెనీ ద్వారా ఆ పాటలు ఇంటర్నెట్టులో పెట్టింది. డాలస్‌లోనూ, న్యూజెర్సీలోనూ మన పిల్లలు వాళ్ళ పిల్లల్ని ఆ పాటలతోనే నిద్రపుచ్చుతున్నారట. మురిసిపోయాం.

తీరా లెక్క చేతికొచ్చింది. “అత్తయ్యా, అమెరికాలో విన్నవాళ్ళ తాలూకు డబ్బులో నూటికి 30 పట్టేసుకున్నారు” అంది ముఖం చిన్నబుచ్చుకుని.

ఏమిటీ ముప్ఫై అని నేనూ కళ్ళజోడు పెట్టుకు కూర్చున్నాను. అమెరికాలో పుట్టిన రాయల్టీ పరదేశికి వెళ్ళాలంటే 30 శాతం ముందే మినహాయించి పంపాలని వాళ్ళ చట్టం. మన దేశం 1989లో వాళ్ళతో ఒప్పందం చేసుకుంది గనక మనకి 15 శాతమే. కానీ ఆ తగ్గింపు దానంతట అది రాదు. డబ్ల్యూ-ఎయిట్ బెన్ అనే ఫారం నింపి, పాన్ నంబరు వేసి, నేను భారతీయురాలినని చెప్పుకోవాలి. పిల్లకి ఆ సంగతి తెలియలేదు. అంటే మిగతా 15 రూపాయలూ తెలియనితనానికి కట్టిన సుంకమన్నమాట! తిరిగి అడగొచ్చుట, అమెరికాలో రిటర్ను దాఖలు చేసి. చిల్లర డాలర్ల కోసం అంత తతంగం ఎవరు పడతారు?

“అక్కడ సంపాదిస్తే అక్కడ పన్ను కట్టొద్దూ?” అన్నారు మావారు పేపరు మడుస్తూ.

కట్టాలి, కాదనను. కానీ మన ఊళ్ళో కిరాణా కొట్టువాడైనా ఖర్చులు పోగా మిగిలినదాని మీదే కదా ఆదాయప్పన్ను కడతాడు? ఇక్కడ మొత్తం రాబడి మీదే కోత. స్టూడియో ఖర్చూ లేదు, తాకట్టు వడ్డీ లేదు.

అసలు అన్యాయం ఇంకోచోట ఉంది. అక్కడ కట్టిన పన్నుని ఇక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు. అయితే ఇక్కడ పన్ను పడేవాళ్ళకే ఆ భాగ్యం! 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకూ మామూలు ఆదాయానికి పన్ను పడదు. సంతోషమే. కానీ పన్నే లేనివాళ్ళు దేంట్లోంచి తగ్గించుకుంటారు? లక్షలు గడించే పేరున్న గాయకుడు అక్కడ పోయింది ఇక్కడ సర్దుకుంటాడు. గాజులు తాకట్టుపెట్టిన పిల్లది మాత్రం పోయినట్టే. ఉన్నవాడికి ఊరట, లేనిదానికి కోత. ఇదేం న్యాయమమ్మా?

2021 జూన్ నుంచి యూట్యూబు కూడా అమెరికా ప్రేక్షకుల వాటా మీద పన్ను మినహాయిస్తోంది. ముగ్గులూ, వంటలూ చూపించే మీలో కొందరికీ ఇది తగిలే ఉంటుంది.

అందుకని ప్రభుత్వం వారిని అడుగుతున్నాను. ఒప్పందాన్ని తిరగరాసే రోజు వస్తే, చిన్న మొత్తాలకి ఈ కోత లేకుండా చూడండి. కంపెనీల వారినీ అడుగుతున్నాను. తెలుగు పాట అమ్ముకోవడం వచ్చినవారికి, ఆ ఫారం సంగతి తెలుగులో రెండు ముక్కలు చెప్పడం రాదా?

అంతవరకూ మనం ఊరుకోకూడదు. ఇంట్లో పాడే పిల్ల ఉంటే, పాట పంపక ముందే ఆ ఫారం నింపించండి. సంతకం చేసిన ఏడాది పోగా మరి మూడేళ్ళ చివరికి దానికి కాలం చెల్లుతుంది, మళ్ళీ ఇవ్వాలి. పట్టుకున్నదానికి ఇచ్చే కాగితం పారెయ్యకండి.

మావాళ్ళమ్మాయి నింపింది లెండి, ఇకమీదట 15తో సరి. దాని పాటకి అక్కడి పసిపిల్లలు హాయిగా నిద్రపోతున్నారు. లెక్క చూశాక నిద్రపట్టనిది నాకే!