ఆ కోసేసిన తరంగాన్ని ఒక్కసారి విననివ్వండి

ఎలక్ట్రానిక్స్ చదివే ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ ల్యాబ్‌లో ఒక ప్రయోగం ఎదురవుతుంది. దాని పేరు ‘క్లిప్పర్లు, క్లాంపర్లు’. బ్రెడ్‌బోర్డు మీద ఒక రెసిస్టరు, ఒక 1ఎన్4007 డయోడు గుచ్చి, ఫంక్షన్ జనరేటర్ నుంచి సైన్ తరంగం పంపిస్తారు. గుండ్రటి శిఖరం ఉండాల్సిన చోట కత్తితో కోసినట్టు బల్లపరుపుగా ఉన్న గీత ఆసిలోస్కోపు తెర మీద కనిపిస్తుంది. దాన్ని గ్రాఫు కాగితం మీదికి ఎక్కించి, రికార్డులో అంటించి, లెక్చరర్ సంతకం తీసుకుంటే ఆ పని అయిపోయినట్టే. ఆ తరంగం ఎలా వినిపిస్తుందో ఎవరూ అడగరు. ల్యాబ్‌లో స్పీకరు ఉండదు.

అదే విద్యార్థి సాయంత్రం హాస్టల్ గదిలో గిటారు ఒళ్లో పెట్టుకుని, ఫోన్‌లో ‘ఓవర్‌డ్రైవ్’ పెడల్ ధరలు చూస్తుంటాడు. వేలల్లో ఉంటాయి. దిగుమతి సరుకైతే ఇంకా ఎక్కువ. ఆ పెడల్ మూత విప్పితే లోపల కనిపించేది పొద్దున తాను గుచ్చిన సర్క్యూట్‌కు దగ్గరి చుట్టమే. ముందు సిగ్నల్‌ను పెంచే ఒక చిప్పు, తర్వాత శిఖరాలను కోసే రెండు డయోడ్లు. ఆ మాట అతనికి ల్యాబ్‌లోనూ చెప్పలేదు, దుకాణంలోనూ చెప్పలేదు. దుకాణదారు ఎందుకు చెబుతాడు? చెప్పాల్సింది ల్యాబే.

ఎలక్ట్రిక్ గిటారు నాదాన్ని మన దగ్గర ఇప్పటికీ కొనుగోలు వ్యవహారంగానే చూస్తున్నారు. నాదం నచ్చకపోతే ఇంకో పెడల్ కొనాలి, అదీ నచ్చకపోతే ఇంకా ఖరీదైనది కొనాలి. దీనివల్ల కుర్రవాళ్ల జేబు ఖాళీ అవుతోంది, తరగతి గదికి అందాల్సిన మంచి పాఠమూ చేజారుతోంది.

ముందు గిటారు లోపలేముందో చూడాలి. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన వస్తువు. దాని మీద ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో వోల్టేజీ పుడుతుంది. ఇది 1831లో మైకెల్ ఫారడే కనుగొన్న సూత్రమే. నాగార్జునసాగర్‌లో కరెంటు పుట్టించే జనరేటర్లు తిరిగేదీ దాని మీదే. కాకపోతే గిటారులో వచ్చేది వోల్టులో పదో వంతు, కొంచెం అటూ ఇటూగా.

ఈ చుట్టకు ఇంకో గుణం ఉంది. దాని ఇండక్టెన్సు రెండు మూడు హెన్రీలు ఉంటుంది. దానికి తగిలించే కేబుల్‌కు కెపాసిటెన్సు ఉంటుంది, సుమారుగా మీటరుకు 100 పికోఫారడ్లు. ఈ రెండూ కలిస్తే ఇంటర్మీడియెట్ పుస్తకంలోని అనునాద వలయం తయారైనట్టే. 2.5 హెన్రీల పికప్‌కు 5 మీటర్ల కేబుల్ తగిలించి, పికప్ సొంత కెపాసిటెన్సు మరో 100 పికోఫారడ్లు కలుపుకుని లెక్క వేస్తే అనునాదం 4,100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. కేబుల్‌ను 10 మీటర్లు చేస్తే అది 3,000 హెర్ట్జ్‌కు దిగుతుంది. మనిషి చెవి అత్యంత చురుగ్గా ఉండేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్యనే. అంటే కేబుల్ పొడవు మారితే తేడా నిజంగానే వినిపిస్తుంది. ఇందులో మహిమేమీ లేదు, వర్గమూలం ఉంది. బంగారు పూత కనెక్టర్ల ప్రకటనలు చెప్పే తేడా మాత్రం ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు.

ఈ లెక్కే ఇంకో రోజువారీ బాధకూ జవాబు చెబుతుంది. చాలామంది కొత్తవాళ్లు గిటారును నేరుగా హోమ్ థియేటర్‌కో, కంప్యూటర్ లైన్ ఇన్‌పుట్‌కో తగిలించి, ‘దుప్పటి కప్పినట్టు ఉంది’ అంటారు. గిటారు మీదే తప్పు వేస్తారు. గిటారు యాంప్ లోపలికి చూసే నిరోధం దాదాపు 10 లక్షల ఓమ్‌లు. లైన్ ఇన్‌పుట్‌లో అది 10 వేల ఓమ్‌ల దగ్గర ఉండొచ్చు. ఆ బరువు మోయలేక పికప్ 1,000 హెర్ట్జ్ దాటినప్పటి నుంచే చతికిలబడుతుంది. మధ్యలో ఒక బఫర్ ఉంటే చాలు. మన కాలేజీ ల్యాబుల్లో బీఎఫ్‌డబ్ల్యూ10 అనే ఎఫ్‌ఈటీ లక్షణాలను తరతరాలుగా గ్రాఫు గీయిస్తున్నారు. ఆ ఒక్క ట్రాన్సిస్టరు, మూడు నాలుగు విడి భాగాలు, ఒక 9 వోల్టుల బ్యాటరీ ఉంటే దుప్పటి తొలగిపోతుంది.

ఇక కోసేసిన తరంగం సంగతి. 110 హెర్ట్జ్‌ల సైన్ తరంగాన్ని పైనా కిందా సమానంగా కోస్తే 330, 550 లాంటి బేసి గుణిజాలు పుడతాయి. ఒకవైపు ఎక్కువ, రెండోవైపు తక్కువ కోస్తే 220, 440 లాంటి సరి గుణిజాలు కూడా చేరతాయి. ఇవి మూల స్వరానికి పై స్థాయిలు కాబట్టి చెవికి ‘నిండుగా’ అనిపిస్తాయి. డయోడ్ల జంటలో ఒకవైపు ఇంకో డయోడు కలిపితే వచ్చే మార్పు ఇదే. ఆ డయోడు ధర టీ ఖర్చు కంటే తక్కువ.

రెండు స్వరాలు కలిపి వాయిస్తే ఇంకా ఆసక్తికరం. రాక్ సంగీతంలో ‘పవర్ కార్డ్’ అంటే షడ్జమ పంచమాలే, పౌనఃపున్యాల నిష్పత్తి 2:3. 110, 165 హెర్ట్జ్‌లను కలిపి కోస్తే వాటి తేడా 55 హెర్ట్జ్ కూడా పుడుతుంది. ఎవరూ వాయించని మంద్ర షడ్జమం అది. గిటారు ఒక్కటే ఉన్నా గోడ కదిలినట్టు వినిపించేది అందుకే. అదే గాంధారం కలిపి మేజర్ కార్డ్ వాయిస్తే గొడవ మొదలవుతుంది. గిటారు మెట్లమీది గాంధారం 4:5 నిష్పత్తి కంటే కాస్త తీవ్రంగా ఉంటుంది, పుట్టే తేడా స్వరాలు శ్రుతిలో కుదరవు. డిస్టార్షన్ పెంచేకొద్దీ గిటారిస్టులు కార్డుల్లోంచి గాంధారం తీసేయడానికి ఇదొక ముఖ్య కారణం. శ్రుతి గురించి ఇంత జ్ఞానం ఉన్న దేశంలో ఈ విషయాన్ని సంగీత పాఠంలోనూ చెప్పరు, భౌతికశాస్త్ర పాఠంలోనూ చెప్పరు.

అసలీ నాదం పుట్టిందే పాడైపోయిన సామాను నుంచి. 1961 నాటి మార్టీ రాబిన్స్ పాటను నాష్‌విల్‌లో రికార్డు చేస్తుంటే మిక్సర్‌లో ఒక ఛానెల్ చెడిపోయి బేస్ గిటారు గరగరలాడింది. దాన్ని తీసేయకుండా ఉంచేశారు. మరుసటి ఏడాదే ఆ గరగరను పెట్టెలో పెట్టి మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి తెచ్చారు. 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ తన చిన్న యాంప్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చాడు. ఈ చరిత్ర తెలిసిన వాళ్లు ‘అసలైన’ చిప్పు కోసం వేలు పోయడం వింతే.

చిప్పు మోజు నిజంగానే ఉంది. 1970ల చివర్లో వచ్చిన ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్‌లో వాడిన 4558 అనే ఆప్-యాంప్ చాలా మామూలు రకం. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దాని తమ్ముళ్లు కొన్ని రూపాయలకే దొరుకుతాయి. ఆ పెడల్ గొంతును తీర్చిదిద్దింది చిప్పు కంటే దాని పక్కనున్న ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. 4.7 కిలో ఓమ్‌లు, 0.047 మైక్రోఫారడ్లు కలిసి 720 హెర్ట్జ్‌ల దగ్గర గీత గీస్తాయి. దాని కింద ఉన్న బేస్ అంతగా కోతకు గురికాదు. అందుకే బురద లేకుండా మధ్య స్వరాలు ముందుకొస్తాయి. పాత చిప్పుకు పెట్టే డబ్బుతో ఆ కెపాసిటర్లను పది రకాలుగా మార్చి వినొచ్చు, నేర్చుకోవచ్చు.

జర్మేనియం కథ కొంచెం వేరు. 1966 నాటి ఫజ్ ఫేస్ లాంటి పెడళ్లలో జర్మేనియం ట్రాన్సిస్టర్లు వాడారు. వాటి నాదం మృదువుగా ఉంటుందనే మాటలో నిజం ఉంది. కానీ వాటి లీకేజీ కరెంటు దాదాపు ప్రతి 10 డిగ్రీలకూ రెట్టింపవుతుంది. లండన్‌లో 20 డిగ్రీల గదిలో సరిచేసిన పెడల్‌ను మే నెల విజయవాడలో 40 డిగ్రీల వేదిక మీద పెడితే లీకేజీ నాలుగు రెట్లు. బయాస్ తప్పి నాదం చచ్చుబడిపోతుంది. వేల రూపాయలు పెట్టి కొన్నవాడు తన చేతినే తప్పుపట్టుకుంటాడు. ఈ దేశానికి జర్మేనియం కొత్తేమీ కాదు. భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లోనే జర్మేనియం సెమీకండక్టర్ల తయారీ మొదలుపెట్టింది. వేడికి ఆ ట్రాన్సిస్టర్ల తడబాటు మన పాత తరం రేడియో మెకానిక్కులకు బాగా తెలుసు. ఆ అనుభవం ఎక్కడా రాయకుండానే పోతోంది.

డబ్బు పెట్టదలిస్తే పెట్టాల్సిన చోటు అటు చివర ఉంది, స్పీకరు దగ్గర. పన్నెండంగుళాల గిటారు స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటాక బాగా చేతులెత్తేస్తుంది. పాట వినే స్పీకరుకైతే అది లోపం. గిటారుకు అదే రక్ష. డయోడు కోతతో పుట్టిన పై గుణిజాలు వడపోత లేకుండా బయటికొస్తే కందిరీగల గుంపులా ఉంటుంది. డిస్టార్షన్ పెడల్‌ను నేరుగా ఇయర్‌ఫోన్‌లో విన్నవాళ్లకు ఆ సంగతి తెలుసు. యాంప్ కొనే స్తోమత లేకపోతే, ఒక స్పీకరు ధ్వని తీరును కొలిచి భద్రపరచిన ‘ఇంపల్స్ రెస్పాన్స్’ ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. పాత ల్యాప్‌టాప్‌లో కూడా అవి పనిచేస్తాయి. నాలుగో పెడల్ కంటే అది వంద రెట్లు మేలు.

చెక్క విషయంలో వాదనలకు అంతులేదు. నాష్‌విల్ గిటారిస్టు జిమ్ లిల్ గిటారు ఒళ్లే లేకుండా బల్లకు తీగలు బిగించి, పికప్ పెట్టి, అసలు గిటారుకు చాలా దగ్గరి నాదం తెప్పించి చూపాడు. చూసిన తర్వాత కూడా నమ్మనివాళ్లున్నారు. అది వేరే శాస్త్రం.

ఈ విషయంలో అందరికంటే ముందు గుర్తుకు రావాల్సిన మనిషి క్వీన్ బృందపు బ్రయన్ మే. కొనే స్తోమత లేక 1963లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే గిటారు తయారు చేయడం మొదలుపెట్టాడు. మెడకు వాడింది పాత చలిమంట గూటి చెక్క, ట్రెమోలోకు మోటార్‌సైకిల్ స్ప్రింగులు. అదే బృందంలోని జాన్ డీకన్ చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో ఒక చిన్న బ్యాటరీ యాంప్ చేశాడు. దాని శక్తి ఒక వాటుకు మించదు. క్వీన్ రికార్డుల్లో వయొలిన్లలా, బాకాల్లా వినిపించే గిటారు పొరలు చాలావరకు దాంట్లోంచి వచ్చినవే. మే 2007లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ తీసుకున్నాడు. తయారు చేసినవాడికి ప్రతి భాగం ఎందుకుందో తెలుసు, కాబట్టి ఏది మార్చాలో తెలుసు.

దీనికి గిటారిస్టులు చెప్పే అభ్యంతరం తీసిపారేసేది కాదు. మంచి పెడల్‌కు ఇచ్చే ధర సర్క్యూట్‌కు మాత్రమే కాదు, కాలితో వెయ్యిసార్లు తొక్కినా చెడని స్విచ్చుకూ, ఇనుప డబ్బాకూ, గారంటీకీ కూడా. నిజమే. రోజూ వేదికెక్కేవాడు కొనాల్సిందే. వాల్వు యాంప్ మీటే బలానికి స్పందించే తీరు కూడా రెండు డయోడ్లతో రాదు. కానీ కొనేవాళ్లలో ఎక్కువమంది వేదికెక్కేవాళ్లు కారు, గదిలో నేర్చుకునేవాళ్లు. పైగా గదిలో పెడళ్లను పోల్చడంలోనే మోసం ఉంది. రెండింటిలో కాస్త బిగ్గరగా ఉన్నదే చెవికి మంచిదనిపిస్తుంది. ధ్వని తగ్గినప్పుడు చెవికి బేస్ ఎక్కువగా తగ్గినట్టు అనిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపారు. గదిలో చిన్నగా పెట్టి సరిచేసిన నాదం వేదిక మీద బొంబొంలాడేది అందుకే.

శబ్దం పెంచితే సరిపోతుందనుకునేవాళ్లు చెవి లెక్క కూడా చూసుకోవాలి. 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు భరించవచ్చన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెట్టిన హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే.

అన్నిటికంటే ప్రమాదకరమైన అజ్ఞానం ఎర్తింగ్ దగ్గర ఉంది. యాంప్ ‘హమ్’ అంటోందని త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. హమ్ తగ్గొచ్చు కూడా. కానీ గిటారు తీగలు యాంప్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. యాంప్‌లో లోపం వస్తే తీగలు పట్టుకున్న చేయి, మైకు తాకే పెదవి, ఈ రెండింటి మధ్య మనిషి ఉంటాడు. స్కాట్లాండ్ గిటారిస్టు లెస్లీ హార్వే 1972లో స్వాన్సీలో వేదిక మీదే, ఎర్త్ సరిగా లేని మైకు తాకి చనిపోయాడు. వినాయక చవితి పందిళ్లలో, పెళ్లి వేదికల మీద, తాత్కాలిక కనెక్షన్ల నడుమ వాయించే మన కుర్రవాళ్లకు ఈ ఒక్క విషయం చెప్పినా చాలు. వాల్వు యాంపుల లోపల మూడు నాలుగు వందల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో నిలవ ఉంటాయి. ప్రయోగాలన్నీ 9 వోల్టుల బ్యాటరీ దగ్గరే ఆగాలి.

ల్యాబ్‌లో చేయాల్సిన మార్పు చిన్నదే. సైన్ తరంగం గీయడం అయ్యాక, విద్యార్థుల్లో ఎవరిదో ఒక గిటారు తెప్పించాలి. పదో వంతు వోల్టుకు సిలికాన్ డయోడు తెరుచుకోదు, దానికి 0.6 వోల్టులైనా కావాలి. కాబట్టి ముందు ఒక ఆప్-యాంప్‌తో సిగ్నల్‌ను యాభై, వంద రెట్లు పెంచాలి. ‘గెయిన్’ అనే మాటకు అర్థం అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఎదురెదురుగా రెండు డయోడ్లు, చివర ఒక పాత యాంప్. ఒకరు తీగ మీటుతుంటే ఇంకొకరు ఒక డయోడు తీసి ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాలి. తెర మీద గీత ఒకవైపు పైకి జరుగుతుంది, అదే క్షణంలో స్పీకరులో నాదం మారుతుంది.