అప్పు చేసే ముందు ఒక షీటు



నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాలు తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంటాయి. 1956 వరకు ఆ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. అక్కడ మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పత్తి, సోయా వేసే వేళ చాలామందికి అప్పు తప్పదు. బ్యాంకులో అప్పు పుట్టని కౌలు రైతుకు వడ్డీ వ్యాపారే దిక్కు. "నూటికి మూడు రూపాయలే" అంటే చిన్న మాటలాగే వినిపిస్తుంది.

ఆ మాటను ఎక్సెల్ షీటులో పెట్టి చూడండి. ఒక గడిలో అసలు 50,000, ఇంకో గడిలో నెల వడ్డీ 3, మరో గడిలో నెలనెలా కట్టేది. పాత బాకీకి వడ్డీ కలిపి, కట్టింది తీసేసే సూత్రం రాసి కిందికి లాగండి. ఏమీ కట్టకుండా వడ్డీ అసలులో కలుస్తూ పోతే 24 నెలలకు బాకీ 1,01,640. నెలకు 1,500 కడితే వడ్డీకే సరిపోతుంది, అసలులో రూపాయి తగ్గదు. 2,000 కడితే తీరడానికి 47 నెలలు, కట్టేది దాదాపు 94,000. ఇప్పుడు 3 చెరిపి 1 పెట్టండి. అదే 2,000తో 29 నెలల్లో తీరుతుంది, మొత్తం 58,000 లోపే.

నెహెమ్యా 5వ అధ్యాయం చదవండి. పొలాలు తాకట్టు పెట్టి, పిల్లలను దాసులుగా అప్పగించిన పేదల మొర విని, ఆయన ఆ నూటికి ఒకటి కూడా తిరిగి ఇచ్చేయమన్నాడు.

అయితే షీటు వేదవాక్కు కాదు. 2010లో ఆర్థికవేత్తలు రీన్‌హార్ట్, రోగాఫ్ దేశాల అప్పులపై రాసిన పత్రంలో, సగటు తీసేటప్పుడు ఐదు దేశాల వరుసలు తప్పిపోయాయి. ప్రభుత్వాల ఖర్చు కోతలను సమర్థించడానికి ఆ పత్రాన్ని చూపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, అసలు షీటు తెప్పించుకుని చూసి తప్పు పట్టుకున్నాడు. మన లెక్కలోనూ వాన రాని ఏడాదికి, ఇంటి ఆడవారి కూలి లేని శ్రమకు, బడి మానిన పిల్లకు వరుస ఉండాలి.

యౌవనులారా, ఆరాధన తర్వాత ఒక గంట మీ ఫోను తెరిచి సంఘంలోని పెద్దల పక్కన కూర్చోండి. వాళ్లింటి లెక్క బయట చెప్పకండి. వేలిముద్ర వేయకముందే బాకీ ఎక్కడికి పోతుందో చూపించండి. 2014 నాటి మహారాష్ట్ర చట్టం ప్రకారం వడ్డీ వ్యాపారికి లైసెన్సు తప్పనిసరి. అది ఉందా అని అడగడానికి వారికి తోడుగా వెళ్లండి.