ఏనుగా, ఎద్దా?

పిల్లలకు ఊరు చూపించడం పెద్దల పని అనుకుంటాము. మొన్న ఆదివారం మా ఆరేళ్ళ అమ్మాయి నాకు మా ఊరు చూపించింది.

బాగాయంలో మేము కాపురముండి చాలా ఏళ్ళయింది. చుట్టాలెవరు వచ్చినా బస్సెక్కించి రాయవేలూరు కోటకు తీసుకుపోవడం నా వంతు. పదహారవ శతాబ్దంలో విజయనగర రాజుల నాటి నాయకులు కట్టించినదనీ, 1806 జూలై 10న సిపాయీలు తిరగబడినది ఇక్కడేననీ, అదిగో కందకం, ఇదిగో జలకంఠేశ్వరాలయం అనీ ఒక్క గుక్కలో అప్పజెప్పేస్తాను.

అమ్మాయికీ అదే పాఠం మొదలుపెట్టాను. అది వింటేగా! కల్యాణ మంటపంలో ఒక శిల్పం ముందు నిలబడిపోయింది.

"నాన్నా, ఏనుగు!"

"ఏనుగు కాదమ్మా, ఎద్దు. పద, ఎండెక్కుతోంది."

"కాదు, ఏనుగే!"

"ఎద్దంటే ఎద్దే!" అని కసిరాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నిజం చెప్పవద్దూ, ఇంట్లోనూ నా వరస ఇంతే. అది ఏదో అడుగుతుంది. నేను తలెత్తకుండానే "తర్వాత" అంటాను. ఈ మధ్య అడగడమే తగ్గించింది. బుద్ధి వచ్చిందని మేమిద్దరం సంతోషించాము కూడాను.

ఆ కన్నీళ్ళు చూశాక మనసు ఆగలేదు. దాని పక్కనే చతికిలబడ్డాను. అది అరచేత్తో ఎద్దు ఒంటిని మూసింది. ఏనుగు మిగిలింది! నేను ఏనుగు ఒంటిని మూశాను. ఎద్దు మిగిలింది! రెండు ఒళ్ళకూ శిల్పి ఒకే తల చెక్కాడు. అన్నిసార్లు వచ్చి, ఒక్కసారీ నేను చూడలేదు.

"అయితే ఇద్దరం చెప్పిందీ నిజమేనా నాన్నా?"

"నిజమే తల్లీ. నేనే సరిగా చూడలేదు."

దాని ముఖం విప్పారింది. ఈ గుళ్ళో చాలాకాలం దేవుడు లేడనీ, 1981లో మళ్ళీ ప్రతిష్ఠించారనీ చెప్పాను. ఈసారి శ్రద్ధగా విన్నది.

"అన్నాళ్ళూ గుడి బెంగ పెట్టుకోలేదా?"

నా పాఠంలో దానికి జవాబు లేదు. "తెలియదమ్మా" అన్నాను. ఆ మాట దానికెంత నచ్చిందో, బస్సులో బాగాయం చేరేదాకా ప్రశ్నలే ప్రశ్నలు! ఒక్కదానికీ "తర్వాత" అనలేదు.

మీ ఇంట్లో పిల్లలు ప్రశ్నలు మానేశారా? బుద్ధిమంతులయ్యారని మురిసిపోకండి. ఒక్క పూట వాళ్ళ పక్కన చతికిలబడి చూడండి.