ఎనిమిదో తరగతికి ఎంసెట్ మార్కుల లక్ష్యమా?

ఈమధ్య హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా ఒక కొత్త అలవాటు చూస్తున్నాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్ల ట్రంకుపెట్టె మూతల లోపల "నా లక్ష్యం ఎంసెట్ 140" అని కాగితాలు అంటించి ఉంటున్నాయి. (ఆంధ్రలో అది 2021లో ఈఏపీసెట్ అయింది, తెలంగాణలో 2024లో ఎప్‌సెట్ అయింది. అయినా నోటికి ఎంసెట్ అనే వస్తోంది, మాకూ అంతే.) ఆశపడటాన్ని మేము తప్పుపట్టడం లేదు. కూలికి వెళ్లే అమ్మానాన్నల పిల్లలు ఇంజనీర్లు కావాలనుకుంటే మాకు గర్వమే. ఆ అంకె మీదే మా అభ్యంతరం.

ఆ పరీక్షలో 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటలు. ప్రశ్నలన్నీ ఇంటర్మీడియట్ సిలబస్ నుంచే వస్తాయి. ఇంజనీరింగ్‌కు రాసేవాళ్లకు అందులో 80 లెక్కలే. అంటే ఇంకా తెరవని పుస్తకానికి మన తమ్ముడు ఇప్పుడే మార్కులు వేసుకున్నాడన్నమాట! పైగా సీటు వచ్చేది ర్యాంకును బట్టి. పరీక్ష చాలా విడతల్లో జరుగుతుంది కనుక మార్కులను కూడా నార్మలైజేషన్ చేసి సరిచేస్తారు.

రోజూ ఆ 140 చూసుకుంటూ క్లాసులో భిన్నాల లెక్క దగ్గర ఆగిపోయినవాడు ఏమనుకుంటాడు? "నావల్ల కాదు" అనుకుంటాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లి పనిలో కుదిరిపోయే వయసు కూడా అదే. డబ్బున్న ఇంటి పిల్లవాడికైతే ఒకసారి ర్యాంకు రాకపోయినా లాంగ్‌టర్మ్ ఉంటుంది. మనవాడికి అంత వెసులుబాటు ఎక్కడిది?

మూడు గంటల్లో 160 ప్రశ్నలంటే ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. అక్కడ పనికొచ్చే చేతివేగం ఇప్పుడే రావాలి. ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పడం, ఈ ఆదివారానికి కారణాంకాల లెక్కలు పది గైడు చూడకుండా చేయడం, ఇవీ ఎనిమిదో తరగతి లక్ష్యాలు. చేశాడో లేదో వాడికే తెలిసిపోతుంది. పదో తరగతి వాళ్లు పాలిసెట్‌కు అంకె పెట్టుకోవచ్చు, 120 మార్కులూ వాళ్లు చదివే లెక్కలు, సైన్సులోవే. ఎంసెట్ అంకె సంగతి ఇంటర్ రెండో ఏడాదిలో మొదటి మోడల్ పేపర్ రాశాక చూద్దాం. అందులో 55 వస్తే తర్వాతి లక్ష్యం 65.

ఈ ఏడాది నుంచి ఆదివారం స్టడీ అవర్‌కు మాలో ఇద్దరం వంతులవారీగా వస్తాం. ఆ కాగితాలు చించమని ఎవరినీ అడగం. దాని కిందే ఆ వారం చేయాల్సిన లెక్కలు రాయమంటాం.