రెండవ తప్పు ఎవరిది?

మొన్న నొక మిత్రుడు మా యింటికి వచ్చి, తన కుమారుని సత్ప్రవర్తనమును గూర్చి యొక యోగ్యతాపత్రము వ్రాసి యిమ్మని వేడెను. ఆ చిన్నవాడు మద్యము త్రాగి కారు నడుపుచు రెండవమాఱు పోలీసులకు పట్టుబడెను. కొలది దినములలో మేజిస్ట్రేటు నెదుట నిలువవలసియున్నాడు. “పిల్లవాని యుద్యోగము పోవును, కుదిరిన పెండ్లి చెడును, ఒక్కమాట వ్రాయుము” అని తండ్రి కన్నీరు పెట్టెను. నేను వ్రాయనంటిని. అతడు కోపగించి వెడలిపోయెను. దయ లేక నేనట్లనలేదు. మొదటిమాఱు ఆ పత్రమును వ్రాసినవాడను నేనే.

చట్టమేమి చెప్పుచున్నదో చదువరులు తెలిసికొనుట మేలు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నవాడు బండి నడిపినచో నేరస్థుడు. 2019వ సంవత్సరపు సవరణము పిమ్మట మొదటి నేరమునకు ఆఱు నెలలవఱకు కారాగారము గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. రెండవ నేరమునకు కారాగారము రెండేండ్లవఱకు పెరుగును, జరిమానా 15,000 రూపాయలగును. ఇదిగాక న్యాయస్థానము 20వ సెక్షనునుబట్టి కొంతకాలము బండి నడుపు నర్హతను తొలగింపవచ్చును. త్రాగుడు వాడుకయైనవాని లైసెన్సును 19వ సెక్షను క్రింద అధికారులు రద్దుచేయవచ్చును.

ఆ చట్టముననే 188వ సెక్షను కలదు. మన గృహస్థులు దానిని చదివినట్లు కానరాదు. ఈ నేరమునకు ప్రేరేపించి తోడ్పడినవానికి నేరస్థునికి పట్టు శిక్షయే పట్టునని దాని భావము. ఇంటివారి తోడ్పాటును న్యాయస్థానమున ఋజువుచేయుట దుర్లభము కావచ్చును. మన మనస్సునకు ఋజువులతో పని యేమి?

మొదటి నేరమునకును రెండవ నేరమునకును నడుమ పదునాలుగు నెలలు గడచెను. ఆ నెలలలో ఆ యింట నేమి జరిగెను? తండ్రి జరిమానా చెల్లించెను. తల్లి యిరుగుపొరుగువారికి తెలియనీక దాచెను. మేనమామ “ఈ వయస్సున త్రాగనివాడెవడు?” అని నవ్వెను. నేను పత్రము వ్రాసితిని. కారు తాళపుచెవి మాత్రము ఎప్పటి కొక్కెమునకే వ్రేలాడుచుండెను. విందునకు బయలుదేఱునపుడు “జాగ్రత్తగా నడుపు, నాయనా” అని యందఱు ననిరి. విషమును మెల్లగా త్రాగుమనుట యెట్టి హితవో యిదియు నట్టిదే.

30 మిల్లీగ్రాములు మిక్కిలి కఠినమైన హద్దు, ఇంగ్లండులో 80 వఱకు ఒప్పుకొందురుగదా యని కొందఱు వాదింతురు. కాలిబాట లేని మన వీధులలో ముసలివారు, బడిపిల్లలు, సైకిళ్లవారు, పశువులు నొక్కచోటనే నడచుచుండగా ఆ పోలిక యెట్లు కుదురును? మద్యము మొట్టమొదట హరించునది వివేకమును. “నాకేమియు కాలేదు” అని పలుకు నాలుక అప్పటికే మద్యమునకు వశమైనది. మఱికొందఱు “వాని బ్రదుకు పాడగును” అందురు. బండి క్రింద పడువానికి బ్రదుకు లేదా?

ధనికునికి 15,000 రూపాయలు ఒక విందు ఖర్చు. ఆటో నడుపువానికి అది యింటిల్లిపాది తిండి. కావున ధనికుల యిండ్లలో జరిమానావలన బుద్ధి వచ్చునని తలపరాదు. హైదరాబాదు పోలీసులు పట్టుబడినవారికి కుటుంబమువారి సమక్షమున హితోపదేశము చేయు పద్ధతి నవలంబించిరి. ఇంటివారు మాఱనిది వాడు మాఱడని వారికి తెలియును. మనకే తెలియదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అప్పుడప్పుడే అక్షరములు దిద్దుకొనుచుండిన స్త్రీలు సారాయంగడిని మూయించిరి. ఆ యుద్యమఫలముగా 1995లో వచ్చిన మద్యనిషేధము రెండేండ్లకే సడలిపోయెను. చట్టములు వచ్చును, పోవును. కాని ఆ స్త్రీలు తమ యింటి యవమానమును దాచక వీధిలోనికి వచ్చి చెప్పిరి. పట్టములు పుచ్చుకొన్న మనము ఒక తాళపుచెవిని దాచలేకున్నాము!

ఆ చిన్నవాడు న్యాయస్థానమున సత్యమునే చెప్పవలెను. విధించిన శిక్షను అనుభవింపవలెను. త్రాగుడు మానలేనిచో అది వ్యాధి, వైద్యునికి చూపవలెను. ఇట్టివారి సహాయమునకై ప్రభుత్వము 14446 అను టెలిఫోను సంఖ్యను ఏర్పఱచినది. ఆ సంఖ్యకు మాటాడుట సిగ్గుచేటు కాదు.

మఱునాడు మిత్రునికి ఇట్లు వ్రాసి పంపితిని: “యోగ్యతాపత్రము వ్రాయను. కాని న్యాయస్థానమునకు నీ కుమారునికి తోడుగా వత్తును. వైద్యునియొద్దకును వత్తును. ముందుగా ఆ తాళపుచెవిని నాకు పంపుము.”

ప్రత్యుత్తర మింకను రాలేదు.