లైటు ఆరి వెలుగుతుంటే ఆగాలా, పోవాలా?

పోయిన నెల మా పక్కింటి పిల్లగాడు లైసెన్సు పరీక్షకు చదువుకుంటూ నా దగ్గరికి వచ్చిండు. "పెద్దనాయినా, సిగ్నల్ మీద పసుపు లైటు ఆరుకుంట వెలుగుకుంట ఉంటే, అక్కడ రూల్ లేనట్టే కదా?" అని అడిగిండు. వెంటనే జవాబు రాలేదు నాకు. తెలియక కాదు. ఒకప్పుడు నేనూ అట్లనే అనుకున్న.

అప్పుడు పద్మాపూర్ గని బొగ్గు టిప్పర్ నడిపేవాణ్ని. చలికాలం, రాత్రి పదకొండు దాటింది. చంద్రపూర్‌లో ఒక చౌక్ దగ్గర పసుపు లైటు మిణుకుతున్నది. "ఈ టైంల ఎవరుంటరు?" అనుకుని వేగం తగ్గించలేదు. పక్క రోడ్డు నుంచి రెండో షిఫ్టు దిగిన కార్మికుడు సైకిల్ మీద వచ్చిండు. బ్రేకు తొక్కిన. బండి ఆగేసరికి సైకిల్ నా బంపర్ కింద ఉన్నది. ఆయన పక్కకు దుంకి బతికిండు. టిఫిన్ డబ్బా రోడ్డు మీద దొర్లుకుంట పోయింది. "అన్నా, లైటు కనబడలేదా?" అన్నడు, తెలుగులనే. కనబడింది. కానీ అది ఏం చెప్తున్నదో నేను పట్టించుకోలేదు.

అందుకే మన ఇండ్లల్ల బండి నడిపే ప్రతి ఒక్కరి కోసం ఈ నెల ఇది రాస్తున్న.

నిలకడగా ఎర్ర లైటు ఉంటే గీతకు ఇవతలే ఆగాలె. నిలకడగా పసుపు పడితే, భద్రంగా ఆపగలిగితే ఆగాలె. దాటిపొమ్మని తొందరపెట్టే లైటు కాదది. మిణుకుతున్న పసుపంటే వేగం తగ్గించి, రెండు దిక్కులా చూసి, జాగ్రత్తగా పోవాలె. మిణుకుతున్న ఎరుపంటే బండి పూర్తిగా ఆపి, దారి ఖాళీగా ఉందని చూసుకున్నంకనే కదలాలె. అంటే లైటు మిణుకుతున్నప్పుడు రూల్ పోలేదు. పోలీసు చేసే పని మన చేతికి వచ్చింది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంల పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతది. మనం ఆలోచించే లోపలే సైకిల్ మన ముందుంటది.

రైలు గేటు దగ్గర సైరన్ మోగినా, ఎర్ర లైటు వెలిగినా, గేటు పడకముందే ఆగాలె. మూసిన గేటును ఎత్తి తెరిస్తే రైల్వే చట్టం కింద మూడేండ్ల దాకా జైలు. కాపలా లేని క్రాసింగ్ దగ్గర బండి ఆపి, క్లీనర్‌నో తోడున్న మనిషినో పట్టాల దాకా నడిపించి చూపించాలె. ఎవరూ లేకుంటే డ్రైవరే దిగి చూడాలె. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెప్పేది ఇదే.

మాసాయిపేట మన మనసులల్ల ఇంకా ఉన్నది. 2014 జులై 24న మెదక్ జిల్లాల కాపలా లేని గేటు దగ్గర నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ స్కూలు బస్సును గుద్దింది. తూప్రాన్ బడికి పోయే పసిపిల్లలు పోయిన్రు, డ్రైవరూ పోయిండు. తర్వాత 2019 నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేసిన్రు. అయినా ఏ పట్టాల దగ్గరైనా ఆగి చూసే అలవాటు పోవద్దు.

ఇంకొకటి. వెనుక అంబులెన్సు లైటు తిరుగుతుంటే పక్కకు జరిగి దారి ఇయ్యాలె. ఇయ్యకుంటే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. ఎర్ర లైటు దాటడం 2019 సవరణ తర్వాత ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తది. మొదటిసారికి 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఆ పైసలు మన ఇంట్ల ఎన్ని రోజుల కూలో మీకు తెలుసు.

పిల్లగాడికి ఇదంతా చెప్పిన. "పరీక్షల ఇంత రాయాల్నా?" అని నవ్విండు. "రాసుడు ఒక్కసారే బిడ్డా, చేసుడు రోజూ" అన్న.

ఇక్కడి బోర్డుల మీద మరాఠీల 'థాంబా' అని ఉంటది. బస్సు ఆగే జాగను కూడా 'థాంబా' అనే అంటరు. రాత్రి షిఫ్టు దిగి సైకిల్ తొక్కుకుంట వచ్చే మనిషి కోసం ఇంట్ల ఎవరో తలుపు తీసి కూసున్నరని యాది పెట్టుకుంటే చాలు, ఆ మాటకు కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతది.